గడప దాకా వచ్చే మనిషి

అనుకోని చోట కొత్త చీరల గంజి వాసన తగిలితే నాకిప్పటికీ కాళ్లు ఆగిపోతాయి. మొన్న వనపర్తిలో ఒక పెద్ద షోరూంలో అదే జరిగింది. సంకలో మిక్సీ డబ్బా ఉంది. కొన్న ఎనిమిదో రోజే అల్లం వెల్లుల్లి రుబ్బుతుంటే పొగలు కక్కి ఊరుకుంది. వాపసు తీసుకునే కౌంటరు ఎక్కడని అడిగితే వాకిట్లో నిలబడ్డ మనిషి గడ్డంతోనే పైకి చూపించాడు. కింద చీరల వరుసలు దాటి, మెట్లెక్కి, టీవీల మధ్య నుంచి ఫ్రిజ్‌ల వెనకున్న మూలకు చేరాలి. కొనేటప్పుడు నలుగురు ఎదురొచ్చి రండి మేడం అన్న చోట ఇప్పుడు ఒక్కరూ కన్నెత్తి చూడలేదు. కౌంటరులోని అమ్మాయి తలెత్తకుండానే వారం దాటితే ఇక్కడ వాపసు తీసుకోరని, కంపెనీకి ఫోన్ చేసుకోమని చెప్పింది. చేశాను. ఒకటి నొక్కమన్నారు, మూడు నొక్కమన్నారు, తర్వాత ఏదో సంగీతం పెట్టి వదిలేశారు. అసలే నాకు కోపం ముక్కు మీద ఉంటుంది. ఆ అమ్మాయిని నాలుగు దులిపేద్దామని నోరు తెరవబోయాను. సరిగ్గా అప్పుడే కింద ఎవరో చీర మడత విప్పినట్లున్నారు, ఆ వాసన మెట్ల మీదుగా తేలివచ్చింది. చెవి దగ్గర సంగీతం సాగుతూనే ఉంది. నేను మాత్రం గద్వాలలో, జైనబమ్మ దుకాణం గడప ముందు నిలబడి ఉన్నాను.

జైనబమ్మది కోట వైపు పోయే సందులో రైలు పెట్టె లాంటి చీరల దుకాణం. వెడల్పు లేదు, పొడవే. గడప నుంచి లోపలి తెల్ల పరుపు దాకా రెండు వైపులా బీరువాలు. వీధిలో ఎండ మండిపోతున్నా లోపల ఎప్పుడూ సాయంత్రంలా ఉండేది. ఆ మసక వెలుతురులో ఆమె పరుపు మీద కూర్చుని బొటనవేలితో చీర అంచులు నిమురుతూ ఉండేది. గద్వాల చీరకు ఒళ్లు నూలు, అంచు పట్టు. ఆ రెండూ కలిసే చోటే నేతగాడి పనితనం తెలుస్తుంది. అక్కడ వేలు పోనిచ్చి ఇది ఎవరి మగ్గమో చెప్పేది. ఒక్కోసారి తప్పు చెప్పేది, కానీ ఎంత చెప్పినా ఒప్పుకునేది కాదు.

నా పెండ్లి చీర కొనడానికి ధరూర్ దగ్గరున్న మా ఊరి నుంచి అమ్మా నేనూ షేర్ ఆటోలో ఆ దుకాణానికే వచ్చాం. ట్యూబులైటు కింద నాకొక ఎర్ర చీర నచ్చింది. ఆమె దాన్ని పొట్లం కట్టనివ్వకుండా తన భుజాన వేసుకుని నన్ను గడప దాకా నడిపించింది. ఎండలో చూస్తే అది ఎరుపు కాదు, ఇటుక పొడి రంగు. అలా ఆరు చీరలు మోసుకుని ఆరుసార్లు గడప దగ్గరికి తిరిగాం. అక్కడ చూడకుండా ఆమె ఎవరికీ చీర అమ్మేది కాదు. చివరికి పసుపు ఒంటికి వంగపండు రంగు అంచున్నది ఎంచుకున్నాను. ఆ ఎండలో దాన్ని చేతుల మీద వేసుకుని నిలబడితే ఎంత సంతోషమనిపించిందో చెప్పలేను.

పెండ్లి పన్నెండు రోజులుందనగా అబ్బాయి వాళ్లు వద్దన్నారు. వాళ్లకు ఇంకో సంబంధం నచ్చిందట. ఏడ్చి ఊరుకుందును, కానీ ఆ చీర ఇంట్లో ఉంది. సందూకలో పెట్టి మూత వేసినా నాకు కనబడుతూనే ఉండేది. ముద్ద నోట్లో పెట్టుకుంటే దిగేది కాదు. చుట్టాలలో ఎవరికైనా ఇచ్చేద్దామని అమ్మ చూసింది. చెడిపోయిన పెండ్లి చీర మాకొద్దని ఉత్తగా ఇచ్చినా తీసుకోలేదు. ఇక వాపసు ఇవ్వడం తప్ప దారి లేదు. ఫాల్ కూడా కుట్టించిన చీరను ఎవరు తీసుకుంటారు?

అమ్మ సంచిని కొంగు కింద దాచుకుంది. మేము చేరేసరికి దుకాణం నిండా ఎవరిదో పెండ్లి బలగం, నవ్వులు, చాయ్ గ్లాసులు. గడప ముందు నా కాళ్లు కదలలేదు. వెనక్కి పోదామని అమ్మ చేయి లాగాను. అంతలో లోపల జైనబమ్మ మోకాలి మీద చేయి ఆనించి లేవడం కనబడింది. ఆ జనంలోంచి దారి చేసుకుంటూ మెల్లగా మా దగ్గరికి వచ్చింది. స్టూలు లాగి అమ్మను, గడప మెట్టు మీద నన్ను కూర్చోబెట్టి మంచినీళ్లు తెప్పించింది. మేము తాగేదాకా సంచి వైపు చూడనే లేదు. ఫాల్ గూడ కుట్టిచ్చినమని అమ్మ ఏదో చెప్పబోతే చేత్తోనే వద్దని సైగ చేసి, సంచి అందుకుని లోపల బీరువాలో పెట్టేసింది. దానికి బదులు ఏదైనా తీసుకొమ్మని నాతో అన్నది. నా కళ్లకు అన్ని చీరలూ ఒకటే బూడిద రంగులో కనబడ్డాయి.

"పాణం ఒప్పనప్పుడు ఎంచుకోకు బిడ్డా. బుద్ధి పుట్టినప్పుడు రా. అప్పటిదాక మన బేరం కాలేదనే అనుకుంట," అన్నది.

చీటీ లేదు, కాగితం లేదు. తిరుగు ఆటోలో అమ్మ దారి పొడుగునా దాని గురించే పరేషాన్ అయింది. నేను మాత్రం ఆ పూట కడుపు నిండా తిన్నాను.

తర్వాత రెండుసార్లు పోయాను, ఏదీ ఎంచుకోలేకపోయాను. మూడోసారి జైనబమ్మ, ఉత్తగ నిలబడే బదులు జర ఈ చీరలు మడతపెట్టమన్నది. అలా ఆ దుకాణంలోనే నాలుగేళ్లు పనిచేశాను. రంగులు తెలిశాయి, మగ్గాలు తెలిశాయి, దాంతోపాటు కాస్త పొగరు కూడా వచ్చింది. ఒకరోజు మంచి గిరాకీ వేళ ఒకామె నల్ల సంచితో గడప దగ్గర తచ్చాడింది. నేను కూర్చున్న చోటి నుంచే, అందరూ వినేలా, బిల్లు ఉందా అని, కట్టిన చీరలాగా ఉందే అని అడిగేశాను. ఆమె గడప దగ్గరి నుంచే వెనుదిరిగింది. జైనబమ్మ నా వైపు చూసిన చూపుకు లేచి బస్టాండు దాకా ఉరికాను. ఆమె దొరకలేదు. ఆ ముఖం కూడా నేను సరిగ్గా చూడలేదు, సంచి ఒక్కటే గుర్తు.

మధ్యాహ్నం దుకాణం ఖాళీ అయ్యాక జైనబమ్మ బీరువాలోంచి ఒక సంచి తీసి నా చేతికిచ్చింది. గడప బయటికి పోయి, అక్కడి నుంచి మెల్లగా తన దాకా నడిచి రమ్మంది. నాకు ఒళ్లు మండింది, అయినా నడిచాను. దుకాణంలో ఒక్క మనిషి లేడు. అయినా చెవులు వేడెక్కాయి. ఆ రోజు అమ్మతో వచ్చినప్పటి నవ్వులన్నీ బీరువాల వెనక ఇంకా ఉన్నట్లే అనిపించింది.

"ఎంత దూరముంది?" అని అడిగింది.

చానా దూరముందన్నాను.

"కొననీకి వచ్చినోళ్లు వాళ్లంతట వాళ్లే వస్తరు. వాపసు తెచ్చినోళ్ల కాడికి మనం పోవాలె," అన్నది.

సంచి విప్పితే లోపల పసుపు చీర, వంగపండు అంచు. నాదే. ఇన్నేళ్లూ ఎందుకు అమ్మలేదని అడిగాను.

"ఎట్ల అమ్ముత? నువ్వింక ఎంచుకోలె గద."

నాకు ఏడుపు ఆగలేదు. కాసేపటికి కళ్లు తుడుచుకుని ఆ చీరను గడప దగ్గరికి పట్టుకెళ్లి ఎండలో విప్పాను. ఏ మచ్చా లేదు, ఏ శాపమూ లేదు. చక్కటి పసుపు చీర. ఇదే ఎంచుకుంటున్నానని చెప్పాను. ఆమె అంచు మీద ఒకసారి వేలు పోనిచ్చి, ఇది ఎవరి మగ్గమో చెప్పింది. అది కూడా తప్పే, నేను సరిదిద్దలేదు.

జైనబమ్మ పోయి చాలా రోజులైంది. ఆ చోట ఇప్పుడు సెల్‌ఫోన్ల దుకాణం ఉంది.

మొన్న షోరూంలో ఫోన్లో సంగీతం దానంతటదే తెగిపోయింది. అప్పుడు ఆ అమ్మాయిని సరిగ్గా చూశాను. కౌంటరుకు ఇవతల కుర్చీ లేదు, అవతల కూడా లేదు. బరువు ఒక కాలి మీద నుంచి ఇంకో కాలి మీదికి మార్చుకుంటూ నిలబడి ఉంది. నీ మీద కోపం కాదు తల్లీ అన్నాను. ఆ అమ్మాయి నాతో ఒక కాగితం రాయించుకుని, పైవాళ్లను అడుగుత మేడం అన్నది. ఇంకా ఏ కబురూ లేదు. మిక్సీ మా వంటింటి మూలన అలాగే ఉంది, దాన్ని చూసినప్పుడల్లా ఆ షోరూం వాళ్లను తిట్టుకుంటూనే ఉన్నాను.

వనపర్తిలో నాకిప్పుడు చిన్న చీరల దుకాణం ఉంది. స్టూలు, మంచినీళ్ల బిందె గడప పక్కనే పెట్టుకున్నాను. నిన్న మధ్యాహ్నం రోడ్డుకు అవతల ఒకామె చాలాసేపు నిలబడింది. పూలబండి వైపు చూస్తోంది కానీ పూలు కొనడం లేదు. కొంగు కింద నల్ల సంచి కనబడింది. నేను చెప్పులు వేసుకుని రోడ్డు దాటాను.