దుఃఖానికి అర మార్కు

పటమటలో ఒక జూనియర్ కాలేజీలో ఇంగ్లిష్ చెప్పేదాన్ని. డైరెక్ట్ స్పీచ్‌ను రిపోర్టెడ్ స్పీచ్‌లోకి మార్చే పాఠంలో ఆశ్చర్యార్థకాలకు ఒక సూత్రం ఉంది. ‘హుర్రే’ ఉంటే తీసేసి ‘ఎక్స్‌క్లెయిమ్డ్ విత్ జాయ్’ అని రాయాలి. ‘అలాస్’ ఉంటే ‘విత్ సారో’. పిల్లలు వాక్యం చదవరు. మొదటి మాట చూసి సంతోషమో దుఃఖమో అతికించేస్తారు. గైడ్లలో చావులకు మాత్రం కొదవుండదు. ఆ పాఠం వస్తోందంటేనే నాకు వెగటుగా ఉండేది.

కొండపల్లి నుంచి బస్సులో వచ్చే ఒకమ్మాయి ఉండేది. వాళ్ల నాన్న థర్మల్ స్టేషన్లో కాంట్రాక్టు పనివాడు. ఆ వానాకాలంలో డ్యూటీలోనే గుండె ఆగి పోయాడు. పెద్దకర్మ అయ్యాక ఆ అమ్మాయి మళ్లీ కాలేజీకొచ్చింది. ఆ వారమే టెస్టు. హెడ్డాఫీసు నుంచి వచ్చిన పేపర్లో ఒక కుర్రాడు తల్లితో అంటున్నాడు: ‘అలాస్! మై ఫాదర్ ఈజ్ డెడ్.’

తండ్రి చనిపోయాడని కుర్రాడు తల్లికి చెప్పాడు, అని మాత్రమే మార్చి రాసిందా అమ్మాయి. నేను పూర్తి మార్కు వేశాను. పేపర్లు మళ్లీ చూసే ఇన్‌చార్జి దాన్ని కొట్టేసి అర వేశాడు.

“విత్ సారో ఏది మేడమ్? దుఃఖానికి అర మార్కుంది స్కీములో.”

“ఆ పిల్ల తండ్రి మొన్ననే పోయాడండీ.”

“అయితే ఇంకా బాగా రాయాలిగా,” అన్నాడు, టీ ఊదుకుంటూ.

ఆయన ముందు నిలబడలేక బయటికొచ్చేశాను.

సాయంత్రం ఆ అమ్మాయిని పిలిచి, అర మార్కు ఎందుకు పోయిందో చెప్పాను.

“తెలుసండీ ఆ రూలు. రాయబుద్ధి కాలేదు,” అంది. “మా నాన్న సంగతి అమ్మకి నేనే చెప్పానండీ. ప్లాంటు నుంచి పక్కింటాయన ఫోన్ చేస్తే. నేను మామూలుగానే చెప్పాను. అమ్మ స్టవ్ ఆపేసి, చెయ్యి కడుక్కుని, తాళం తెమ్మంది. అంతేనండీ.”

తర్వాతి టెస్టులోనూ అలాంటి వాక్యమే వచ్చింది. నా సెక్షన్ పేపర్లన్నిటిలో ఆ ప్రశ్న కొట్టేసి పంచాను. మెమో ఇచ్చారు. సంజాయిషీ రాయమన్నారు. రాయలేదు. ఏడాది చివర మానేసి గుణదలలో ఇంట్లోనే ట్యూషన్లు పెట్టుకున్నాను. ఆ అమ్మాయి మంచి మార్కులతోనే పాసైంది. ఇన్‌చార్జిని ప్రిన్సిపాల్ చేశారని విన్నాను.