ఐదు ధరకే పది కిలోమీటర్లు

ఐదు కిలోమీటర్ల ధరకి పది కిలోమీటర్లు కొన్నదాన్ని నేను. భిలాయి మొత్తం వెతకండి, ఇలాంటి బేరం కుదుర్చుకున్న ఆడది ఇంకొకతె దొరకదు. అప్పటికి నాకు అరవై నిండాయి. నాలుగు కిలోమీటర్లు దాటి ఏనాడూ పరిగెత్తి ఎరగను. అయినా సగం సరుకు ఊరికే వస్తుంటే చూస్తూ వదిలేసే వంశం కాదు మాది. నాకొక్కదానికే తీసుకుని ఊరుకుంటే ఇదంతా రాయాల్సిన పని ఉండేది కాదు. మా వదినకి కూడా తీసుకున్నాను. తెమ్మని ఆవిడ చెప్పలేదు, తేనా అని నేనూ అడగలేదు.

సెక్టర్ 2 మార్కెట్లో మా నాన్నకి కిరాణా కొట్టుండేది. శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి ఉక్కు ప్లాంటులో పనికొచ్చిన కుటుంబాలకి చింతపండు, ఎండుమిర్చి, నువ్వుల నూనె అమ్మేవాడు. అటూ ఇటూ ఉన్న కొట్లు కూడా మా బాబాయిలవో మేనమామలవో. మిగతా పిల్లలు ఎక్కాలు బడిలో నేర్చుకుంటే నేను గల్లాపెట్టె పక్కన నేర్చుకున్నాను. ధర వినగానే ముఖం చిట్లించడం, రెండడుగులు వెళ్లిపోయినట్టు నటించడం, పిలిచేదాకా వెనక్కి తిరక్కపోవడం నాకు వెన్నతో పెట్టిన విద్య. నా పెళ్లికి మంగళసూత్రం చేసిన కంసాలి దగ్గర మజూరీ తగ్గించింది కూడా నేనే. పెళ్లికూతురు బేరమాడిందని మా అమ్మ బతికున్నన్నాళ్లూ సిగ్గుపడింది.

మా వదిన, అంటే మా అన్నయ్య భార్య, ఇందుకు పూర్తిగా ఎదురు. టౌన్‌షిప్ బడిలో లెక్కల టీచరుగా చేసి రిటైరయింది. కూరలవాడు చెప్పిన ధర ఇచ్చేసి, చిల్లర ఎక్కువొస్తే వాణ్ణి వెనక్కి పిలిచి మరీ ఇచ్చే మనిషి. ఆవిడతో బజారుకెళ్లాలంటే నాకు ఒళ్లు మంట. పరుగులో మాత్రం ఆవిడే నాకు గురువు. షుగరు వచ్చిందని నడక మొదలుపెట్టి, నడక విసుగొచ్చి పరుగులోకి దిగింది. చీర మానేసి ట్రాక్ ప్యాంటు వేసుకున్న రోజున మా అన్నయ్య రెండు పూటలు మాట్లాడలేదు. ఆవిడకి ఇల్లు ప్రశాంతంగా ఉన్నట్టనిపించిందట.

చలికాలంలో మా టౌన్‌షిప్‌లో కాలనీలవాళ్లంతా కలిసి ఒక పరుగు పెడతారు. కుర్రాళ్లు ముందుంటారు, ప్లాంటులో రిటైరైన బాపతు మేమంతా వెనక ఉంటాం. వదిన ఏటా ఐదు కిలోమీటర్లు పూర్తి చేసేది. ఆ ఏడు డాక్టరు ఆవిడ కుడి మోకాలు ఎక్స్‌రే చూసి, మార్పించుకోవాల్సిందే అన్నాడు. ఆపరేషనుకి తేదీ కూడా ఇచ్చాడు. ఆ తర్వాత నడవచ్చు, మెట్లెక్కచ్చు, పరుగన్న మాట మాత్రం మర్చిపొమ్మన్నాడు.

"ఈ ఒక్కసారీ పరిగెత్తీసి, గీత దాటీసి, ఆపేస్తానే," అంది వదిన నాతో. "బండెక్కి మాత్రం రాను. నా కాళ్ల మీదే రావాల."

బండి అంటే అందరికన్నా వెనకాల మెల్లగా వచ్చే టెంపో. ఇక చేతకానివాళ్లని ఎక్కించుకుంటుంది. అది మనల్ని దాటి ముందుకెళ్లిందా, మన పరుగు అక్కడికి చెల్లు. మెడల్ లేదు, చప్పట్లూ లేవు.

పేర్లు రాయించే పని వదిన నాకు అప్పజెప్పింది. ఈ కథ మొత్తంలో ఆవిడ చేసిన తప్పు ఇదొక్కటే.

ఆఖరి రోజు సాయంత్రం వెళ్లాను. ఆఖరి రోజు సరుకెప్పుడూ చవకే. పార్కు గేటు దగ్గర బల్ల వేసుకుని ఒక రిటైర్డ్ బ్యాంకు మేనేజరు కూర్చున్నాడు. ఐదు కిలోమీటర్లవాళ్లకిచ్చే టీషర్టులు అయిపోయాయి, టీషర్టు వద్దనుకుంటే కొంత తగ్గిస్తానన్నాడు. పది కిలోమీటర్లవి ఒక కట్ట మిగిలున్నాయి. నిండు నీలం రంగు. గుడ్డ నలిపి చూశాను. నాలుగేళ్లు ఉతికినా వెలిసే రకం కాదు.

"భయ్యా, ఐదు ధరకి ఈ పదివి రెండు ఇచ్చేయండి," అన్నాను హిందీలో.

"దీదీ, యే సబ్జీ మండీ నహీ హై," అన్నాడాయన. ఇదేం కూరల బజారు కాదని.

"కూరలైతే కుళ్లిపోతాయని మీరే తగ్గించేవారు. పరుగయ్యాక ఈ చొక్కాలు ఎవరికి అంటగడతారు?"

ఆయన తల అడ్డంగా ఊపాడు. నేను రెండడుగులు వేశాను. పిలిచాడు.

ఇంటికెళ్లి వదిన ముందు నీలం చొక్కాలు, వాటితో ఇచ్చిన నంబరు కాగితాలు పరిచాను. ఆవిడ నంబరు చూసింది, దాని పక్కన పది అన్న అంకె చూసింది, తర్వాత నన్ను చూసింది.

"ఏటే, నా మోకాలికి మరో అయిదు కిలోమీటర్లు కొనుక్కొచ్చావేటి?"

"కొన్లేదొదినా, ఊరికే వొచ్చాయి."

"ఊరికే అంటే లారీ కింద కూడా పడుకుంటావేటే నువ్వు?"

"ఏటవుద్దిప్పుడు? సగం దూరం ఎల్లి ఎనక్కొచ్చేద్దాం. ఎవుడు సూస్తాడు?"

"నేను సూస్తాను," అంది వదిన.

పది నంబరు తగిలించుకుని ఐదు పరిగెత్తడమంటే ఆవిడ దృష్టిలో ఒక ప్రశ్నకి ఇంకో ప్రశ్న జవాబు రాయడం. సున్నా వేసేస్తుంది. బ్యాంకు మేనేజరుకి ఫోన్ చేసి మార్పించమన్నాను. ఆయన నా గొంతు గుర్తుపట్టి, ఇక మార్పులు లేవు దీదీ అని ఎంతో ఆనందంగా చెప్పాడు.

ఆ ఆదివారం పొద్దున్న మంచులో మా గుంపు చూడాల్సిందే. మంకీ క్యాపులు, మఫ్లర్లు, మోకాలి పట్టీలు, నొప్పుల మందు వాసన. కుర్రాళ్లు కాళ్లు సాగదీసుకుంటుంటే మేం టీ బండి ఎక్కడుందా అని చూస్తున్నాం. విజిల్ మోగింది. కుర్రాళ్లు మాయమయ్యారు. మేం బయల్దేరాం. మా వేగాన్ని పరుగు అనొచ్చా అని అడక్కండి. రెండు చేతులూ ఊపుతున్నాం, ముఖాలు ఎర్రబడ్డాయి, అది చాలు.

నైట్ షిఫ్టు దిగి స్కూటర్ మీద ఇంటికెళ్తున్న మన వైపు మనిషొకడు మా పక్కన వేగం తగ్గించాడు.

"ఏటమ్మా, ఆటో దొరకలేదేటి? రాండి, దింపేస్తాను!"

"నీ స్కూటర్ కన్నా మేమే ముందెల్తాం, పోరా!" అన్నాను. వాడు నవ్వుకుంటూ వెళ్లిపోయాడు. ఆ ఒక్క మాటకి నా ఊపిరి సగం ఖర్చయిపోయింది.

ఐదు కిలోమీటర్లవాళ్లు వెనక్కి తిరిగే చోటు వచ్చింది. వాళ్లు తిరిగారు. మా ముందు నెహ్రూ నగర్ రోడ్డు ఖాళీగా, పొడుగ్గా పడుంది. ఆ పొడుగంతా నేనే బేరమాడి తెచ్చాను. ఇంకాస్త వెళ్లేసరికి వదిన కుడికాలు ఈడుస్తోంది. అడుగు పడ్డప్పుడల్లా పెదవి బిగిస్తోంది. వెనక్కి తిరిగి చూశాను. మా వెనక ఇంకెవరూ లేరు. మంచులోంచి టెంపో లైట్లు రెండు వస్తున్నాయి.

"ఒదినా, ఈ డివైడర్ దాటేస్తే అటేపు మళ్లీ వొచ్చే దారే. ఓ కిలోమీటరు కలిసొస్తాది."

"ముప్ఫై ఏళ్లు కాపీలు పట్టుకున్నదాన్నే నేను," అంది ఆవిడ రొప్పుతూ. "ఇప్పుడు నన్నే కాపీ కొట్టమంటావా?"

మేం వెనక్కి తిరగాల్సిన చోట నిజంగానే తిరిగి, ఇంటి ముఖం పట్టాక నా పిక్క పట్టేసింది. లోపల ఎవరో తాడు మెలిపెట్టినట్టుంది. ఉన్నపళంగా డివైడర్ మీద కూలబడ్డాను. వదిన ఆగబోయింది.

"నువ్ నడు! ఆగితే ఆ బండి నిన్నూ దాటేస్తాది!" అని అరిచాను.

ఆవిడ ఒక్క క్షణం నన్ను చూసి కదిలింది. నాలుగు కరెంటు స్తంభాల దూరం వెళ్లిందో లేదో, టెంపో నా పక్కన ఆగింది. డ్రైవరు నా వయసుకి కాస్త తక్కువవాడు, తలకి మఫ్లరు, నోట్లో గుట్కా.

"బైఠో దాయీ," అన్నాడు. దాయీ అంటే ఛత్తీస్‌గఢీలో తల్లీ అని.

ఎక్కకముందు లేస్ కట్టుకున్నాను. తర్వాత రెండో బూటు లేస్ విప్పి మళ్లీ కట్టుకున్నాను. నీళ్లు అడిగాను. మెట్టు ఎత్తుగా ఉందన్నాను. అతను దిగొచ్చి నన్ను బియ్యం బస్తాలా లోపలికి తోసి, బండి పోనిచ్చాడు. రెండు నిమిషాలు గడవకముందే వదిన వీపు బండి ముందద్దంలోకి వచ్చేసింది. నీలం చొక్కా తడిసి నల్లబడింది. ఆవిడ వెనక్కి చూడటం లేదు, కానీ బండి చప్పుడు వినపడే ఉంటుంది. భుజాలు పైకి లేచాయి.

అప్పుడు కనపడింది, రోడ్డు పక్కన గంప ముందు పెట్టుకుని ఆకుకూర అమ్ముతున్న ఒకావిడ.

"భయ్యా, రోకో! కూర కొనాలి!"

"ఇప్పుడా?" అన్నాడు డ్రైవరు.

"మరి మా ఇంట్లో మధ్యాహ్నం ఏం తింటారు, మెడల్ నంజుకుంటారా? నాకు అదీ లేదు!"

బ్రేకు వేశాడు. కుంటుకుంటూ దిగి గంప ముందు చతికిలబడ్డాను. కుమ్హారి వైపు పల్లె నుంచి తెచ్చిన లాల్ భాజీ, అంటే ఎర్ర తోటకూర. కట్ట పదిహేనంది. పదికిస్తావా అన్నాను. నా అనుభవంలో ఇక్కడి నుంచి కనీసం పది నిమిషాలు నడవాలి బేరం. ఆవిడ నా చొక్కా, నా చెమట, నా కుంటికాలు చూసింది.

"లే జా దాయీ," అంది. తీసుకుపో తల్లీ అని.

పుట్టి బుద్ధెరిగాక అడిగిన ధరకి సరుకు దొరికి గుండె జారిపోవడం అదే మొదటిసారి. వదిన ఇంకా అక్కడే, కనుచూపు మేరలోనే, కాలీడుస్తోంది. డ్రైవరు హారన్ కొట్టాడు. నేను గొంతు పెంచాను.

"ఏం, అంత తేలిగ్గా ఇచ్చేస్తున్నావు? నిన్నటి కూరా?"

ఆవిడ ముఖం మారిపోయింది. "ఈ పొద్దున కోసింది!"

"అయితే ఈ చిల్లులేమిటి?"

"మందు కొట్టలేదు కనక పురుగు తింది. మందు కొట్టింది కావాలంటే బజారుకి పో!"

"పదికి ఎవరిస్తారు మంచి కూర? ఏదో ఉంది ఇందులో."

సరుకు చవగ్గా ఉందని నేను తగువాడాను. ఆవిడ ఒక్కొక్క కట్టా విప్పి వేళ్లకున్న తడిమట్టి చూపించింది. తిట్టింది కూడా, కొన్ని మాటలు నాకు అర్థం కాలేదు గానీ ఘాటు మాత్రం తెలిసింది. ఇంతలో డ్రైవరు దిగొచ్చాడు, నన్ను లాక్కుపోతాడేమో అనుకున్నాను. అతను వంగి ఒక కట్ట వాసన చూశాడు.

"కూర మంచిదే దాయీ, ఊరికే పేచీ పెడుతున్నావు," అన్నాడు. "నాక్కూడా రెండు ఇవ్వు. టమాటాలేం ధర?"

ఇక నేను పెద్దగా కష్టపడాల్సిన పని లేకపోయింది. అతనికి బేరం రాదు. రానివాడి బేరమే పొడుగు. చివరికి అతనికి పన్నెండు చొప్పున ఇచ్చి, నాకు మాత్రం ఇరవైకి తగ్గితే ఇవ్వనంది ఆవిడ. తన కూరని అన్ని మాటలన్నదానికి అదే జుర్మానా. ఇచ్చాను.

పరుగు ముగిసే మైదానం చేరేసరికి గీత మీద గాలి ఊది నిలబెట్టిన కమాను దించడం మొదలుపెట్టారు. ఒక పక్క ఒరిగిపోయి ఉంది. బండిలోంచి చూస్తుండగానే వదిన దాని ముందుకి వచ్చింది. గీతకి అడుగు దూరంలో ఆగింది, చొక్కా కిందికి లాక్కుంది, క్లాసులోకి వెళ్లే టీచరులా లోపలికి నడిచింది. ముగ్గురో నలుగురో చప్పట్లు కొట్టారు. బ్యాంకు మేనేజరు మెడలో మెడల్ వేశాడు.

నేను కూరకట్టతో దిగాను. వదిన నన్ను చూసింది, కట్టని చూసింది.

"బండి ఎందుకాగిందే?"

"కూర కొన్నానొదినా."

"అంతసేపా?"

ఆవిడ నేరుగా బల్ల దగ్గరికి కుంటుకుంటూ వెళ్లి, మెడలోంచి మెడల్ తీసి మేనేజరు ముందు పెట్టింది. మా ఆడపడుచు నా కోసం బండి ఆపిందండీ, ఇది చెల్లుతుందో లేదో మీరే చెప్పండి అని హిందీలో అడిగింది.

మేనేజరు నా చేతిలో కట్టని చూశాడు. ఆ రోజు బల్ల దగ్గర తనకి జరిగింది గుర్తొచ్చే ఉంటుంది. నిట్టూర్చాడు.

"మేడమ్, గాడీ పీఛే థీ, ఆప్ ఆగే థీ. బస్," అన్నాడు. బండి వెనకుంది, మీరు ముందున్నారు, అంతే.

వదిన కాసేపు ఆలోచించింది, జవాబు సరే గానీ మధ్యలో ఒక మెట్టు నచ్చనట్టు. తర్వాత మెడల్ తీసుకుని మెడలో వేసుకుంది.

ఇక బిల్లు. ఆ రాత్రికి వదిన మోకాలు బొప్పాయి పండంత వాచింది. డాక్టరు తిట్టి, వాపు తగ్గేదాకా ఆపరేషను వాయిదా వేశాడు. అన్ని రోజులూ వాళ్లింట్లో వంట నాది. అన్నయ్య నాతో మాట మానేసి, పులుసులో ఉప్పెక్కువైతే గోడకి చెప్పేవాడు. ఆవిడకి ఆ నొప్పి అనవసరంగా వచ్చింది, నా వల్లే వచ్చింది. తోటకూరకి అడిగిన దానికన్నా ఎక్కువిచ్చాను. నాకు మెడల్ లేదు. వదిన కోసం నా పరుగు వదులుకున్నానని చుట్టాలందరికీ చెప్పాను గానీ, పిక్క పట్టేసింది కనక కూర్చున్నాను. ఆవిడ కోసం చేసిందల్లా ఆ తర్వాతి కూర బేరం మాత్రమే, కాబట్టి త్యాగంలో సగం కొట్టేయాలి. జమ ఒక్కటుంది. వదిన తన కాళ్ల మీద గీత దాటింది, అదీ పది కిలోమీటర్లకి. దాన్ని నా పద్దులో వేసుకుందామని చాలాసార్లు చూశాను. పరిగెత్తింది ఆవిడ, నొప్పి పడింది ఆవిడ, అందుకని అది ఆవిడ పద్దులోనే ఉంచాను. నా పద్దు తేల్చితే నష్టం.