పడవలో అవతలి వైపు

నా చిన్నప్పుడు మేం మస్కట్‌లో, వాడి కబీర్ అనే పేటలో ఉండేవాళ్ళం. మా కింది ఫ్లాట్‌లో నా క్లాసు అమ్మాయే ఒకతి ఉండేది. మార్కుల్లో ముందు, పాటల్లో ముందు, స్కూలు బస్సులో కిటికీ పక్క సీటు కూడా తనదే. తనని చూస్తే నాకు కడుపు మండేది. తను నన్నేమీ అనేది కాదు. అన్నీ తనకే దొరికేవి, అంతే.

ఒక శుక్రవారం వాళ్ళ నాన్న తనకు తెలిసిన ఒమానీ జాలరి పడవలో మమ్మల్ని సముద్రం మీదికి తీసుకెళ్ళాడు. నాకు తోడుగా మా పక్కింటి ఆపా వచ్చింది, అక్కా అనడానికి ఉర్దూలో అలా పిలిచేదాన్ని. ఆమెది కడప. అరబ్బుల ఇంట్లో పని, వారానికి ఆ ఒక్క పూటే సెలవు. తిమింగలాన్ని చూడాలని నాకంటే ఎక్కువ ఆమే కలవరించింది.

పడవ చిన్నది. అందరూ ఒకే పక్కకు చేరితే ఒరిగిపోతుందని, ఇటు ఇద్దరు అటు ఇద్దరు కూర్చోవాలని జాలరి ముందే చెప్పాడు. చాలా దూరం పోయాక ఇంజను ఆపేశాడు. కాసేపటికి నీళ్ళలోంచి నల్లటి వీపు లేచింది, అదీ ఆ అమ్మాయి వైపే. బెదురు లేకుండా పడవను ఆనుకున్నంత దగ్గరికొచ్చి ఆగింది. తండ్రీకూతుళ్ళు వంగి చూస్తుంటే, ఇవతల నేనూ ఆపా బరువు కోసం వేసిన బియ్యం బస్తాల్లా కూర్చున్నాం. మెడ తిప్పితే వాళ్ళ వీపులే కనిపించాయి. సముద్రంలో జంతువు కూడా తన దగ్గరికే పోవాలా అని ఏడుపొచ్చింది. అది మునిగిపోతే బాగుండనుకున్నాను.

నిజంగానే మునిగింది. పడవ కిందుగా వచ్చి నా ముందు తేలి, ఒక పక్కకి తిరిగి, కన్ను తెరిచి నన్ను చూసింది. అటువైపు ఆ అమ్మాయి తనకు కనిపించడం లేదని ఏడుపు మొదలుపెట్టింది. నాకు ఎంత హాయిగా ఉందో చెప్పలేను. అంతలో ఆపా మెల్లగా లేచి, ఆ పిల్లను తన చోటికి పంపి, తను పోయి ఆ పిల్ల చోట కూర్చుంది. తిమింగలం ఊపిరి వదిలితే నీచు వాసన తుంపర మా ముఖాల మీద పడింది. ఆపాకు మా వీపులే కనిపించి ఉంటాయి.

ఒడ్డుకు వచ్చాక ఉక్రోషం పట్టలేక ఆమెనే అడిగాను. ఆ అమ్మాయికి రెండుసార్లు ఎందుకు, నువ్వు ఒక్కసారీ సరిగ్గా చూడలేదు కదా అన్నాను.

"నా వీసా అయిపోతే నేను ఊరికి పోతా పాపా. అప్పుడు ఎవురితో చెప్పుకుంటావు? మీరిద్దురూ పక్కపక్కన చూసినారు గదా, ఇంగ ఎన్నేండ్లయినా చెప్పుకోవచ్చు," అని నవ్వింది. దాని కన్ను ఎట్లుందో చెప్పమంది. మేమిద్దరం ఒకరి మాటకొకరు అడ్డుపడుతూ చెబుతుంటే, నోరు తెరుచుకుని వింది.

ఆపా వెళ్ళిపోయింది. ఆ అమ్మాయీ నేనూ మనవలున్నవాళ్ళమయ్యాం, ఆ కన్ను గురించి ఫోన్లో ఇప్పటికీ వాదులాడుకుంటాం. తన మీద ఈర్ష్య ఎప్పుడు పోయిందో గుర్తు లేదు. ఆ తర్వాత నేనూ ఎందరికో నా చోటు ఇచ్చాను, కానీ ప్రతిసారీ లోపల ఎక్కడో గుచ్చుకుంటూనే ఇచ్చాను. ఈ వయసులో నాకు ఈర్ష్య పుట్టేది ఒక్క ఆపా మీదే, ఆ రోజు ఆమె నవ్విన నవ్వు మీదే.