ఏడో కవరు మీది ముద్ర

వాడేసిన విదేశీ స్టాంపులకు విలువ కట్టడంలో ఆవిడను మించినవాళ్ళు ఆ ఊళ్ళో లేరు. అందరూ భూతద్దం అక్క అంటారు. అసలు పేరు పెట్టి పిలిస్తే ఆవిడే వెనక్కి తిరిగి చూడదేమో! గడియారాల షాపు మీద ఇరుకు గది, కిటికీ పక్కన బల్ల, పళ్ళెంలో నీళ్ళు, ఒక ట్వీజర్, ఆరబెట్టే కాగితాలు. ఇరవై ఆరేళ్ళుగా అదే ఆవిడ సంసారం.

స్టాంపును ముందు వెలుతురుకి పట్టి, వెనక ఎక్కడైనా పల్చబడిందేమో చూస్తుంది. తర్వాత అంచు పళ్ళు లెక్కపెడుతుంది. ఒక్క పన్ను విరిగినా సరే, ఎదుటివాళ్ళు ఎంతటివాళ్ళయినా సరే, "ఇది చెత్తండీ" అని మొహం మీదే అనేస్తుంది. పనికిరానిదాని వెనక పెన్సిల్‌తో సున్నా చుట్టి రేకు డబ్బాలో పడేస్తుంది. కవర్లో ఉత్తరం ఉంటే మాత్రం చచ్చినా చదవదు. "ఒకళ్ళ కాపురాలు నాకెందుకమ్మా, నేను చూసేది పైన ముద్ర ఒక్కటే" అంటుంది. ఆ నియమం మీద ఆవిడకు కాస్త పొగరు కూడా ఉంది, దాచుకోవడం దేనికి!

ఒక మధ్యాహ్నం చెల్లెలు ఏడు కవర్లు పట్టుకుని మెట్లెక్కి వచ్చింది. తల్లి పోయాక ఆ పిల్లను పెంచి పెద్దచేసింది ఈవిడే. ఆ పిల్ల మొగుడు, అంటే ఈవిడ మరిది, ఓడలో పనిచేసేవాడు. మూడేళ్ళ కింద ఆ ఓడ మునిగింది. ఒడ్డుకు కొట్టుకొచ్చిన శవాన్ని గుర్తుపట్టింది కూడా ఈవిడే.

"ఆయన దగ్గర్నుంచి వచ్చాయక్కా. చూసి చెప్పు. ఇందులో ఒక్కటి అసలుదైనా రేపే వెళ్తా. రేవు చివర నిలబడి ఉంటాట్ట, రమ్మన్నాడు."

"ఏ రేవే?"

"ఓడ మునిగిన చోటే."

ఈ పిల్ల అక్కడికి వెళ్తే ఇక తిరిగిరాదని భూతద్దం అక్కకు ఎందుకో గట్టిగా అనిపించింది. అద్దం తీసింది.

ముద్ర అన్నాక సగం స్టాంపు మీద, సగం కవరు మీద పడాలి. మొదటి ఆరింటికీ కవరు మీది సగం బాల్‌పెన్నుతో గీసి ఉంది. ఒక స్టాంపును నానబెట్టి, ఊడదీసి తిరగేస్తే వెనక పెన్సిల్ సున్నా కనిపించింది. తను చుట్టిన సున్నాయే!

"ఓసి నీ తెలివి తెల్లారా! ఇవి నా డబ్బాలోవి కదే!"

చెల్లెలు తల దించుకోలేదు. "అవును, ఆ ఆరూ నేనే రాసుకున్నా. సాయంత్రమైతే ఇల్లు తినేసేలా ఉంటుంది, ఏం చెయ్యమంటావు? నువ్వు నిజమే చెప్తావో లేదో చూద్దామని కలిపి తెచ్చా. ఏడోది మాత్రం నేను రాయలేదక్కా."

ఏడో కవరు ఎండ పడుతున్న చోటే ఉన్నా తడిగా తగిలింది. దానిమీద ఎవరూ నీళ్ళు పొయ్యలేదు. ముద్ర వృత్తం ఎక్కడా తెగకుండా స్టాంపు మీంచి కవరు మీదికి దిగింది. లోపలివైపు వేలు పెడితే ముద్ర వేసినప్పటి నొక్కు తెలుస్తోంది. తేదీ తొమ్మిది రోజుల కిందటిది. అంచు పళ్ళు ఒక్కటీ విరగలేదు. ఇంత మచ్చలేని ముద్ర ఆవిడ తన సర్వీసులో చూసి ఉండదు.

ఇరవై ఆరేళ్ళలో ఒక్క స్టాంపు గురించి కూడా ఆవిడ అబద్ధమాడలేదు. చెల్లెలి మొహంలోకి చూసింది. ఈ పిల్లను పోగొట్టుకుని తను బతకలేదు.

"ఇదీ నకిలీయే," అంది. "ఎవడో పనీపాటా లేనివాడు నీతో ఆడుకున్నాడు. అవతల పారెయ్."

చెల్లెలు ఏడుస్తుందేమో అనుకుంది. కానీ ఆ పిల్ల మొహం ఒక్కసారిగా విప్పారింది. కవర్లోంచి ఉత్తరం తీసి బల్ల మీద పరిచింది.

"చదువక్కా."

"నేను చదవనని నీకు తెలుసుగా."

"ఈ ఒక్కటీ చదువు."

మరిది చేతిరాతే, సందేహం లేదు. ఆ పక్కకి వాలిన అక్షరాలు ఆవిడ ఎన్నోసార్లు చూసింది. ఉన్నవి నాలుగే వాక్యాలు.

"ముందు మీ అక్కకు చూపించు. ఆవిడ స్టాంపుల విషయంలో ఎవరికీ అబద్ధం చెప్పదు, ఇది మాత్రం నకిలీ అంటుంది. అలా అందంటే రాసింది నేనే. ఇక ఆలస్యం చెయ్యకుండా బయల్దేరు, రేవు చివర నిలబడి ఉంటా."

తలెత్తేసరికి గదిలో ఎవరూ లేరు. కుర్చీ తన్నుకుంటూ గుమ్మం దాకా పరిగెత్తింది.

"ఆగవే! అబద్ధం చెప్పానే తల్లీ, అది అసలుదే!"

మెట్ల కిందనుంచి చెల్లెలు సంతోషంగా కేకేసింది.

"తెలుసక్కా!"