మా బిడ్డకు ముందు సారు, తర్వాతే నేను

మా పెద్దసారు పోయారన్న కబురు నాకు మా బిడ్డ చెప్పింది. నేను బడి విడిచి బస్సు కోసం నిలబడి ఉంటే ఫోన్ చేసి, "అమ్మా, సారు పోయిండు" అని ఏడ్చింది. నాకు వెంటనే ఏడుపు రాలేదు. ఏళ్ల తరబడి ఆయన పక్క గదిలో పాఠం చెప్పినదాన్ని నేను. వాళ్ల ఇంటివాళ్లు ఫోన్ చేసింది మాత్రం మా బిడ్డకు. నా మనసు కలుక్కుమంది. చావు కబురు దగ్గర కూడా కుళ్లుకునేవాళ్లు ఉంటారా అంటారేమో. ఉంటారు. నేనున్నాను.

పెద్దపల్లికి దగ్గర్లోని ఊళ్లో మాది చిన్న ప్రాథమిక పాఠశాల. ఆయన హెడ్మాస్టరు, మండలంలో టీచర్ల సంఘానికి అధ్యక్షుడు కూడా. నావి ఒకటి, రెండు తరగతులు. ముక్కులు తుడిచి, చెయ్యి పట్టి అ ఆలు దిద్దించేది నేను. మూడో తరగతికి ఎక్కగానే పిల్లలంతా ఆయనవాళ్లైపోయేవారు. సంఘం పని మీద ఆయన కరీంనగర్ పోయిన రోజున "సారెప్పుడొస్తడు మేడం?" అని నా ప్రాణం తీసేవారు. నేను సెలవు పెట్టిన రోజు నన్నెవరైనా అడిగారా అని బడిలో వంట చేసే అక్కను ఒకసారి అడిగాను. "పిల్లలేనాయె, మంచిగ ఆడుకున్నరు మేడం" అంది. అడక్కపోయినా బాగుండేది.

సంఘం మీటింగు ఆదివారం పూట మా బళ్లోనే. బదిలీలు, బకాయిలు, పీఆర్సీ అంటూ అందరూ మొర పెట్టుకోవడానికే వచ్చేవారు. ఆయన ఒక పద్ధతి పెట్టారు. ముందు ఎవరో ఒకరు బోర్డు దగ్గర నిలబడి పాఠం చెప్పాలి, మిగతావాళ్లు పిల్లల్లాగా కింద కూర్చుని వినాలి, తప్పులు చెప్పాలి. ఆ తర్వాతే డిమాండ్లు. "పాఠం చెప్పరానోళ్లు జీతం పెంచుమంటె ఎవలింటరు?" అనేవారు. మొదట్లో సణిగినవాళ్లే తర్వాత ఆ పాఠం కోసం తొందరగా రావడం మొదలుపెట్టారు. ఒకసారి నా వంతు వస్తే పుల్లల కట్టలతో పదులు, ఒకట్లు చెప్పాను. బాగుందన్నారు. కొన్నాళ్లకు పక్క మండలాల్లో ఆ పుల్లల పాఠాన్ని 'పెద్దసారు పద్ధతి' అంటున్నారని తెలిసింది. "గా పద్ధతి నాది కాదు, మా చెల్లెది" అని ఆయన నలుగురిలో నన్ను చూపించి చెప్పారు. చూడండి, ఎంత పెద్ద మనసో అనుకున్నారు అందరూ. అది కూడా ఆయన ఖాతాలోకే పోయింది.

ఇలా ఉండగా ఒక జూన్‌లో పెద్దపల్లి నుంచి ప్రైవేటు బడి బస్సు మా ఊళ్లోకి రావడం మొదలైంది. మా పిల్లలు ఒక్కొక్కరే దాన్ని ఎక్కారు. ఇంకా తగ్గితే మా బడిని పక్క ఊరి బడిలో కలిపేస్తారన్నారు. ఆయనా నేనూ ఇల్లిల్లూ తిరిగాం. ఒక ఇంట్లో భర్త దుబాయిలో ఉన్న ఒకావిడ వాకిట్లో వడ్లు ఎండబోస్తూ, చేతిలో పని ఆపకుండానే నన్ను అడిగింది. "నీ బిడ్డేమో పెద్దపల్లిల ఇంగ్లీషు బడికి పోవట్టె. నా కొడుకు గీడ సదువాల్నా మేడం?"

పెద్దసారు నన్ను వెనకేసుకొస్తారనుకున్నాను. ఆయన దారిలో, "ఆమె అడిగింది తప్పా చెల్లె?" అన్నారు, అంతే.

ఆ ఆదివారమే తీర్మానం పెట్టారు: సంఘంలో ఉన్న టీచర్ల పిల్లలు సర్కారు బళ్లలోనే చదవాలి. గోల గోల. "జీతాల ముచ్చట చెప్పుండ్రి సార్, పిల్లల ముచ్చట ఎందుకు?" అన్నారొకరు. "మన పిల్లలు తినని బువ్వ మంది పిల్లలకు పెడ్తమా?" అన్నారు ఆయన. తన పిల్లలను ఏనాడో తన బళ్లోనే చదివించుకున్న మనిషి. తిరిగి అనడానికి సందు కూడా మిగల్చలేదు. తీర్మానం వీగిపోయింది. చెయ్యెత్తిన కొద్దిమందిలో నేనున్నాను. ఇంటికొచ్చి చెబితే మా ఆయన, "సంఘం నీది గావచ్చు, బిడ్డ ఇద్దరిది" అన్నాడు.

అయినా మా బిడ్డను తెచ్చి మూడో తరగతిలో కూర్చోబెట్టాను. వడ్లు ఎండబోసిన ఆవిడ తన కొడుకును వెంటబెట్టుకుని వచ్చింది. ఆమెను చూసి ఇంకొందరు వచ్చారు. మరుసటేడు ఇంకో ఇద్దరు టీచర్లు కూడా తమ పిల్లలను తెచ్చుకున్నారు. అప్పుడు సంఘం తలెత్తుకుని విద్యాధికారి ముందుకు పోయింది, మూడో టీచర్ను అడిగింది, ఇప్పించుకుంది. బడి నిలిచింది. నేను మాత్రం నష్టపోయాను.

ఇంట్లో తీసివేత లెక్క చెప్పబోతే "సారు గట్ల చెప్పలే" అనేది మా బిడ్డ. "నేను గూడ టీచర్నే బిడ్డా" అంటే, "నువ్వు అమ్మవు" అంది తలెత్తకుండా. పదో తరగతి తర్వాత ఏ గ్రూపు, డిగ్రీనా టీచర్ ట్రైనింగా, అన్నీ ముందు ఆయననే అడిగేది. ఆయన ప్రతిసారీ "మీ అమ్మనడుగు బిడ్డా, ఒకటో తరగతి చెప్పినోళ్లకు అన్నీ ఎరుక" అని పంపేవారు. అది వచ్చి "సారు నిన్ను అడుగుమన్నడు" అనేది. కన్నబిడ్డ నా దగ్గరికి ఆయన సిఫారసు మీద వచ్చేది. ఆ మనిషికి నేను ఎంత రుణపడ్డానో నాకు తెలుసు. ఆయన మీద ఎంత మండేదో కూడా తెలుసు.

మా బిడ్డకు టీచర్ ఉద్యోగం వచ్చి, ఉట్నూర్ అవతల ఒక గోండు గూడెంలో బడి ఇచ్చారు. సారు కర్మకు అక్కడి నుంచి వచ్చి, ఒక్క రోజుండి, మళ్లీ జీపెక్కింది. పోయిన వారం సాయంత్రం నేను బియ్యం కడిగి పొయ్యి మీద పెడుతుంటే ఫోన్ చేసింది.

"అమ్మా, ఒకటో తరగతిల ఒక పాప నోరే తెరుస్తలేదు. నేను తెలుగు మాట్లాడితె తలకాయ కిందికేస్తది. ఏం జెయ్యాలె?"

సారును అడగరాదా అనబోయాను. ఆయన ఉంటే ఈ ఫోన్ ముందు నాకు వచ్చేది కాదు. ఆ సంగతి దానికీ తెలుసు, నాకూ తెలుసు. స్టవ్ కట్టేసి, తడి చేతులతోనే గడప మీద కూర్చున్నాను.

"ఆ పాపకు నువ్వు నేర్పకు బిడ్డా. ముందుగాల్ల నువ్వే ఆమె భాష నేర్చుకో. నీళ్లను మీరేమంటరని ఆమెను అడుగు. నువ్వు తప్పు పలుకు, ఆమె నవ్వాలె..."

"జర ఆగు అమ్మా, రాసుకుంట" అంది.

అవతల కాగితం తిప్పుతున్న చప్పుడు వినిపించింది. అది రాసుకునేదాకా ఆగాను.