గంగి పురిటికి చేసిన పెట్టె

అది 1893. ధవళేశ్వరం దిగువన కాలువ గట్టు మీద ఒక పడవల యార్డులో నేను వడ్రంగిగా పనిచేస్తుండేవాణ్ణి. ధాన్యం మోసే పెద్ద పడవలు, రేవు దాటించే నావలు, చేపల వాళ్ల చిన్న దోనెలు మా చేతుల మీదుగానే నీళ్లలోకి దిగేవి. వడ్రంగి అనగానే తలుపులూ మంచాలూ చేసేవాడని చాలామంది అనుకుంటారు. మా పని వేరు. ఇంటి తలుపుకి సందుంటే గాలి వస్తుందిలే అని సరిపెట్టుకోవచ్చు, పడవకి సందుంటే మనుషులు మునిగిపోతారు. అందుకే సందు కనిపిస్తే మా చెయ్యి ఊరుకోదు. ఆ అలవాటు నన్ను ఒక్కసారే నవ్వులపాలు చేసింది. ఆ సంగతే ఇప్పుడు చెబుతాను.

వరదలు తగ్గి, గోదావరి మధ్య లంకల్లో మళ్లీ సేద్యం మొదలైన రోజులు. లంకలో దోస, చిలగడదుంప పండించే రామయ్య గారు ఒక ఉదయం యార్డుకి వచ్చారు. అరవై దాటిన మనిషి, మాట గట్టిగా ఉంటుంది. వస్తూనే నా పక్కన దుంగ మీద కూర్చున్నారు.

"ఆచారి గారూ, మీరో పెట్టె చేసి పెట్టాలండి."

"ధాన్యానికా అండి, బట్టలకా?"

"మా గంగి ఈనడానికండి."

"ఆవుకి పెట్టె ఏంటండి!"

"ఆవు కాదండి బాబూ, కుక్క."

యార్డంతా గొల్లుమంది. పడవల ఆచారి కుక్కకి పురిటి మంచం చేస్తున్నాడని అప్పుడే ఒకడు అందుకున్నాడు. నాకూ నవ్వొచ్చింది గాని రామయ్య గారి ముఖం చూసి ఆపుకున్నాను. ఆయన నవ్వడం లేదు.

నిరుడు గంగి పెట్టిన పిల్లలు ఒక్కటీ దక్కలేదట. లంకలో ఆయన పాక పక్కన పాత నావ ఒకటి బోర్లించి ఉంటుంది. గంగి దాని కిందే పుట్టింది, దాని కిందే ఈనింది. అడుగున ఇసుక చెమ్మ, పైన మార్గశిరం చలి. కొన్ని పిల్లలు బిగుసుకుపోయాయి. మిగిలినవి ఆ ఇరుకులో తల్లి అటూ ఇటూ దొర్లినప్పుడు నలిగిపోయాయి. ఒకదాన్ని నక్క ఎత్తుకుపోయింది. అడవి పందులు రెల్లులోంచి దిగి దుంప చేలమీద పడితే వాటిని తరిమే కుక్కలు ఆ లంకలో గంగి జాతివే, వాటిలోనూ మిగిలింది ఇదొక్కటే. గంగికి వయసు మళ్లింది. ఇదే ఆఖరి ఈత అని అందరికీ తెలుసు.

"ఈసారి ఒక్కటైనా నిలబడాలండి," అన్నారు రామయ్య గారు. "చెమ్మకి నిలిచే చెక్కపని మీదే కదా అని వచ్చాను."

అంత నమ్మి వచ్చినవాణ్ణి ఎలా కాదంటాం?

మర్నాడే రేవు దాటి లంకకి వెళ్లాను. రామయ్య గారి భార్య మంగమ్మ గారు ఇంత మజ్జిగ ఇచ్చి, గంగి దగ్గరికి తీసుకెళ్లారు. పొట్ట నేలకి వేలాడుతున్న గోధుమరంగు కుక్క. నన్ను చూసి పళ్లు బయటపెట్టింది. అది పడుకున్నప్పుడు ఎంత చోటు పడుతుందో దూరం నుంచే చూసుకుని నేల మీద పుల్లతో గీత గీసుకున్నాను. చోటు మరీ ఇరుకైతే పిల్లలు నలుగుతాయి, మరీ విశాలమైతే తల్లి వెచ్చదనానికి దూరంగా దొర్లిపోయి చల్లబడతాయి. ముందువైపు పలక కిందికి ఉండాలి, లేకపోతే నిండు పొట్ట రాసుకుంటుంది. మరీ కిందికి ఉంటే కళ్లు తెరవని పిల్లలు బయటికి పాకేస్తాయి.

నిరుడు పిల్లలు ఎలా నలిగాయో మంగమ్మ గారు చెప్పిన మాట మటుకు నాకు బాగా పనికొచ్చింది. "గంగి కింద పడి కాదు బాబూ, దాని వీపుకీ నావ పలకకీ మధ్య పడి పోయాయి. వెనకాల ఉన్నదాన్ని అది మాత్రం ఎలా చూస్తుంది?"

మా పడవల్లో స్ట్రింగర్ అని ఒకటి ఉంటుంది. లోపలి గోడ వెంట పడవ పొడుగునా బిగించే కొయ్య అది, పడవకి బలం. అలాంటి కొయ్యనే పెట్టె లోపల చుట్టూ, పిల్ల దూరగలిగేంత ఎత్తున బిగిస్తే? తల్లి వీపు ఆ కొయ్య దగ్గరే ఆగుతుంది. వెనకాల చిక్కిన పిల్లకి కొయ్య కింద చోటు మిగులుతుంది. ఈ ఆలోచన వచ్చినందుకు నాకు నేనే తెగ మురిసిపోయాను.

ఇక పెట్టె సంగతి. మంచి టేకు పలకలు ఏరాను. కాకింగ్ చేశాను. కాకింగ్ అంటే పలకల మధ్య సందుల్లో నార కుక్కి, గుగ్గిలం, చేపనూనె కలిపి కాచి పైన పూయడం. పెద్ద పడవకి ఎంత శ్రద్ధగా చేస్తానో ఈ పెట్టెకీ అంతే చేశాను. పడవెక్కించి లంకకి తీసుకెళ్లి, రామయ్య గారి ముందు పెట్టి, బిందెడు నీళ్లు అందులో పోసి చూపించాను. చుక్క కారలేదు.

"చూశారాండి పనితనం!" అన్నాను.

రామయ్య గారు తల పంకించారు. మంగమ్మ గారు పెట్టెలో నిలిచిన నీళ్లకేసి చూస్తూ, "అది బానే ఉంది గాని బాబూ, ఇన్ని పిల్లలు రోజంతా లోపల తడుపుతుంటే ఆ తడి ఎక్కడికి పోతుంది?" అన్నారు.

బయటి నీరు లోపలికి రాకూడదన్నదే ఇన్నేళ్లూ నా చేతికి తెలిసిన విద్య. లోపలి నీరు బయటికి పోవాల్సిన వస్తువు నేనెప్పుడూ చేయలేదు. మంగమ్మ గారు కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు, రామయ్య గారు మాత్రం బాహాటంగానే నవ్వారు.

గంగి నవ్వకపోయినా ఈ పెట్టె పనికిరాదని ఇంకా గట్టిగా చెప్పింది. వరిగడ్డి పరిచి పిలిస్తే వచ్చి, గడప దగ్గర వాసన చూసి, వరసగా తుమ్ములు తుమ్మి వెళ్లిపోయింది. గుగ్గిలం కంపు. లోపల చేపముక్క పెట్టాం. మెడ సాచి ముక్క అందుకుని, కాళ్లు మాత్రం బయటే ఉంచింది. బలవంతాన ఎత్తి కూర్చోబెట్టబోతే రామయ్య గారి చెయ్యి కరవబోయింది. చివరికి బోర్లించిన నావ కిందికి దూరి ఇసుక గోకడం మొదలెట్టింది. ఈనే ముందు చేసే పని అది. ఎక్కడ నిరుడు పిల్లలన్నీ పోయాయో అక్కడే.

రామయ్య గారికి కోపం వచ్చింది. "దీనికి బుద్ధి లేదు. పాడు కుక్క!"

"దాన్ని తిడతారేంటి?" అన్నారు మంగమ్మ గారు. "మొదటి పురిటికి మా అమ్మ దగ్గరికి వెళ్తానని నేనెంత ఏడ్చానో మరిచిపోయారా? మీ అమ్మగారు కొత్త మంచం వేయిస్తానన్నారు, పట్టు పరుపన్నారు. నాకు మా అమ్మ వంటింటి పక్కన చీకటి గదే కావాల్సొచ్చింది. దానికీ పుట్టింట్లోనే పురుడు పోసుకోవాలని ఉండదా?"

"మగవాళ్లం మాకేం తెలుస్తుందిలే," అని గొణిగారాయన.

నేను నావ చుట్టూ తిరిగాను. ఎన్నో ఏళ్ల పాత నావ, అడుగు పలకలు పుచ్చిపోయాయి. పక్క పలకలు మాత్రం ఎండకీ వానకీ నానీ ఎండీ ఇనుములా ఉన్నాయి. కింద, కుక్క వీపు రాసుకునే చోట చెక్క నున్నగా మెరుస్తోంది. గంగి తల్లి వీపు కూడా అక్కడే రాసుకుని ఉంటుంది. ఈ పలకలతోనే పెట్టె కడితే గంగికి కొత్త చోటనిపించదు. కానీ నావ కొయ్యాలి.

ఆ మాట చెప్పగానే రామయ్య గారు కుదరదన్నారు.

"మా నాన్న నావ అదండి. వరదలో మమ్మల్నందర్నీ అందులోనే ఒడ్డుకి చేర్చాడు. పనికిరాకపోయినా అట్టే పెట్టుకున్నాను. దాని మీద రంపం పడనివ్వను."

పాత పడవ మీద మనుషులకి ఉండే మమకారం మా యార్డులో రోజూ చూసేదే. గంగి మాత్రం నావ కింద ఇసుక తోడుతూనే ఉంది. తోడిన గుంటలో తడి ఊరుతోంది. ఆయన కాసేపు దాన్నే చూశారు. వెళ్లి పలక మీద చెయ్యి వేసి నిమిరారు.

"మా నాన్న నాకిచ్చినవి రెండేనండి. ఈ నావ, ఈ కుక్క తాలూకు జాతి," అన్నారు. "ఒకటి ఎలాగూ అయిపోయింది. రెండోదాన్నైనా దక్కించండి. కొయ్యండి."

మొదటి కోత వేసేటప్పుడు ఆయన అక్కడ ఉండలేక చేనివైపు వెళ్లిపోయారు.

కొత్త పెట్టెకి గోడలు ఆ నావ పలకలే. గుగ్గిలం లేదు, నూనె లేదు. అడుగున గ్రేటింగ్ వేశాను. పడవలో నీళ్లు ఊరినా కాళ్లు తడవకుండా పరిచే చెక్క జాలీ అది. పిల్ల కాలు ఇరుక్కోనంత సన్నటి సందులు పెట్టి, ఇసుకకి తగలకుండా దిమ్మల మీద ఎత్తి కూర్చోబెట్టాను. జీవితంలో మొదటిసారి కావాలని సందులు వదిలాను. స్ట్రింగర్ కొయ్యని టేకు పెట్టెలోంచి ఊడదీసి ఇందులో బిగించాను. మంగమ్మ గారు గంగి పడుకునే పాత గోనె తెచ్చి గడ్డి మీద పరిచారు, గుమ్మానికి వేపరెమ్మ కూడా కట్టారు. పెట్టెని పాక చూరు కింద, నక్క రాలేని చోట పెట్టాం.

గంగి వచ్చింది. పలకలన్నీ ఒక్కొక్కటే వాసన చూసింది. లోపలికి అడుగుపెట్టి, తన చుట్టూ తాను తిరిగి, ఆ నున్నటి పలకకే వీపు ఆనించి కూలబడింది. పెద్ద నిట్టూర్పు విడిచింది. పక్కన ఎవరో నా చెయ్యి గట్టిగా పట్టుకున్నారు. చేనుకి వెళ్లిన రామయ్య గారు ఎప్పుడొచ్చారో!

పిల్లలు పుట్టిన కబురు అందిన ఉదయమే వెళ్లాను. ఒకటి పుట్టుకతోనే ఊపిరి లేకుండా వచ్చిందట. మిగిలినవన్నీ పాలకోసం తోసుకుంటున్నాయి. నేను చూస్తుండగానే గంగి పక్కకి ఒత్తిగిలి గోడవైపు ఒరిగింది. వెనకాలనుంచి కీచుమని అరుపు. మంగమ్మ గారు "అయ్యో!" అని గుండె పట్టుకున్నారు. మరుక్షణం కొయ్య కింద ఖాళీలోంచి ఒక చిన్న ముట్టె బయటికొచ్చింది. ఆ పిల్ల గోడ పొడుగునా పాకుతూ వచ్చి, తల్లి తోక దాటి, పాల దగ్గరికి చేరింది. మంగమ్మ గారు ఏడుస్తూ నవ్వారు, నవ్వుతూ నాకు దణ్ణం పెట్టారు. పెద్దావిడ నాకు దణ్ణం పెట్టడమేంటని నేనే ఆవిడ కాళ్లకి మొక్కాను. నా కళ్లలోనూ నీళ్లు తిరిగాయి, దాచుకోవాలని అనిపించలేదు.

ఆ తర్వాత నా పనితీరు మారింది. కొత్త పడవ చేయమని ఎవరొచ్చినా, ముందు వాళ్ల పాత పడవ చూపించమనేవాణ్ణి. ఎక్కడ కూర్చుంటారో, ఎక్కడ చెయ్యి ఆనిస్తారో, వల ఏ పక్కనుంచి లాగుతారో అందులో తెలిసిపోయేది. వస్తువు ఎంత గొప్పగా ఉందన్నది చేసేవాడి ముచ్చట, అందులో మెలగాల్సిన ప్రాణి వేరే ఉంటుంది. ఈ విద్య నాకు నేర్పినందుకు మంగమ్మ గారికీ, తండ్రి నావని నా రంపానికి ఇచ్చిన రామయ్య గారికీ, మొహమాటం లేకుండా నా పనితనాన్ని చూసి తుమ్మిన గంగికీ నేను రుణపడి ఉన్నాను.

గంగి పోయాక కొంతకాలానికి, దాని కూతురు చూలుతో ఉందని రేవులో ఎవరో చెప్పారు. పెట్టె ఎలా ఉందో, మళ్లీ కొత్తది కట్టాలేమోనని పనిముట్ల సంచీ భుజాన వేసుకుని నాకు నేనే లంకకి వెళ్లాను. మంగమ్మ గారు పాక ముందే ఎదురొచ్చారు.

"ఈసారి నీకు పనేం లేదు బాబూ," అన్నారు నవ్వుతూ. "ఎవరం పిలవలేదు, గడ్డి కూడా వేయలేదు. నిన్నే దానంతట అది వెళ్లి అందులో పడుకుంది."

పని లేదన్న మాట విని అంత సంతోషంగా ఇంటికి వెళ్లిన రోజు నా వృత్తిలో మరొకటి లేదు.