మూడో గదిలో పదిహేడో నంబరు కార్డు

నమ్మితే నమ్మండి, లేకపోతే మానెయ్యండి. నేను కంప్యూటర్లు బాగుచేసుకు బతికేవాణ్ణి, కట్టుకథలు అల్లే ఓపిక నాకు లేదు. ఇది నా కళ్లముందు జరిగింది.

ముసునూరు రోడ్డులో ఒక మామిడిపళ్ల కంపెనీ ఉంది. అందులో ఎవరి కార్డుకి ఏ తలుపు తెరుచుకోవాలో ఒక డైరెక్టరీ సర్వర్ చూసుకుంటుంది. తలుపులు ఆ సర్వర్ని నమ్మాలంటే దానికో సెక్యూరిటీ సర్టిఫికెట్ ఉండాలి. దానికి గడువుంటుంది. నేను చెబుతున్న రోజు రాత్రి పన్నెండుతో ఆ గడువు అయిపోయింది. మార్చాల్సింది నేనే. సీజన్ హడావుడిలో మర్చిపోయాను. తప్పు నాదే, ఎవర్నీ అననక్కర్లేదు.

ఒంటిగంటకి వాచ్‌మన్ అప్పారావు గారు ఫోన్ చేశారు. "సారూ, ఒక్క తలుపూ తెరుచుకోవట్లేదండీ. తొందరగా రండి."

నూజివీడు నుంచి బండి మీద వెళ్లాను. సర్వర్ గదికి కార్డు కాదు, మామూలు తాళమే, అది నా దగ్గరుంది. తీసి లోపల కూర్చుని స్క్రీన్ చూశాను.

మూడో గది. లోపలివైపు. కార్డు నంబరు పదిహేడు. తిరస్కరించబడింది.

అరనిమిషం తర్వాత మళ్లీ అదే. మళ్లీ... మళ్లీ...

మూడో గది అంటే కాయల్ని గ్యాస్ పెట్టి మగ్గేసే గది. అందులో మనిషి ఎక్కువసేపుంటే ఊపిరాడదు. లోపల ఎవరో ఉన్నారు. బయటికి రావడానికి కార్డు గీకుతున్నారు. నా మతిమరుపు వల్ల తలుపు తెరుచుకోవట్లేదు.

డైరెక్టరీలో పదిహేడు వెతికాను. రత్నకుమారి. కాయలు ఏరే ఆవిడ. వెంటనే ఫోన్ చేశాను.

"ఏంటండీ సార్ ఈ టైంలో? నేను ఇంట్లోనే ఉన్నానండీ."

"మరి మీ కార్డు? మూడో గది లోపల్నుంచి ఎవరో గీకుతున్నారు, తలుపు తెరుచుకోవట్లేదు."

"గేటు దగ్గర మేకుకి తగిలించొచ్చానండీ. ఎవరు తీసుకున్నారో ఏమో. అయ్యో, లోపల మనిషున్నాడా సార్? ఎవరో పాపం... తొందరగా తియ్యండి సార్!"

అదీ మావాళ్ల అలవాటు. చేతులకి సొన అంటుకుని మండుతుంటే ఎవరి కార్డో వెతుక్కునే ఓపిక ఎవరికుంటుంది? మేకుల మీద చేతికందింది తీసుకుపోతారు. కార్డు మీద పేరొకరిది, మనిషొకరు.

అప్పారావు గారు గేటు దగ్గరికి పరుగెత్తి చూసొచ్చారు. పదిహేడో మేకు ఖాళీ.

ఆ గది తాళంచెవి విస్సన్నపేటలో ఉండే మేనేజరు దగ్గరుంది. ఆయన ఫోన్ స్విచ్ఛాఫ్. గునపంతో పొడిచినా తలుపు కదల్లేదు. ఇక మిగిలింది నేను, ఆ దిక్కుమాలిన సర్టిఫికెట్.

కొత్తది ఎక్కించాను. సర్వర్ ఆపి మళ్లీ మొదలుపెట్టాను. 'ఈ సర్టిఫికెట్‌ను నమ్మలేము' అంది. గడియారం చూశాను, సరిగ్గానే ఉంది. పేరు చూశాను, సరిగ్గానే ఉంది.  స్క్రీన్ మీద మాత్రం పదిహేడు... పదిహేడు...

అప్పుడు వినిపించింది. టక్... టక్... ఉక్కు తలుపు మీద, లోపల్నుంచి. విసురుగా కాదు. నిదానంగా, ఎవరో ఓపిగ్గా పిలుస్తున్నట్టు.

"సారూ, కొడుతున్నాడండీ!" తలుపు దగ్గర్నుంచి అప్పారావు గారు అరిచారు. "ఎవర్రా లోపల? పేరు చెప్పరా!"

మళ్లీ టక్... టక్... అంతే.

అప్పుడు నా బుర్రకి తట్టింది. మధ్య సర్టిఫికెట్ పెట్టలేదు! కొత్తవాడు ఊళ్లోకొచ్చి నేను ఫలానా అంటే సరిపోదు కదా, తెలిసినవాళ్లు ఒకరు పక్కన నిలబడి అవునని చెప్పాలి. ఆ చెప్పేదాన్నే వదిలేశాను. దాన్ని జతచేసి మళ్లీ మొదలుపెట్టాను.

ఒక్క క్షణం అంతా ఆగిపోయింది. కొట్టడం కూడా ఆగింది.

క్లిక్...

తలుపు తెరుచుకుంది. స్క్రీన్ మీద చూశాను. మూడో గది. కార్డు పదిహేడు. అనుమతించబడింది. బయటికి వెళ్లారు.

"హమ్మయ్య!" అనుకుంటూ పరుగెత్తాను. అప్పారావు గారు గోడకి అతుక్కుని నిలబడున్నారు.

"ఏడండీ మనిషి?"

"ఎవరూ రాలేదు సారూ... తలుపు మాత్రం తెరుచుకుంది. నా భుజానికి ఏదో రాసుకుంటూ పోయిందండీ."

గ్యాస్ పోయేదాకా ఆగి, లైట్లన్నీ వేసి, ప్రతి ట్రే వెనకా వెతికాం. కాయలు తప్ప ఏమీ లేవు. కార్డు కూడా లేదు.

ఎవరో లోపల నిద్రపోయి, తిడతారని చీకట్లో జారుకుని ఉంటారని మనసుకి సర్దిచెప్పుకున్నాను. తెల్లారాక అందరూ పనిలోకొచ్చారు. ఒక్కొక్కర్నీ అడిగాను. నేను కాదంటే నేను కాదన్నారు.

రత్నకుమారి మాత్రం నవ్వుతూ ఎదురొచ్చింది.

"చాలా థాంక్స్ సార్. ఆ మనిషికి ఏమవుతుందోనని నాకు నిద్రపట్టలేదు. మీరు కబురు పంపబట్టి కాస్త కునుకు తీశాను."

"నేను కబురు పంపడమేంటి?"

"అదేంటండీ! మీ ఫోన్ తర్వాత ఓ గంటకి ఆ మనిషే వచ్చి మా ఇంటి తలుపు కొట్టాడుగా. బయటినుంచే చెప్పాడు... 'బయటికొచ్చేశాను రత్నం, ఇక పడుకో' అని."

 గొంతు ఎవరిదని అడిగాను.

ఆవిడ నవ్వు మెల్లగా పోయింది.

"తెలిసిన గొంతేనండీ సార్... ఎవరిదో గుర్తు రావట్లేదు."